మాగిన నీళ్ళు

మూడో అంతస్తు వంటగదిలో సింకు కింద వెల్లకిలా పడుకుని చుక్కలాయన కళ్ళు మూసుకున్నాడు. టప్. కాస్త ఆగి మళ్ళీ టప్. కుళాయి కారుతోందని పిలిస్తే వచ్చి కునుకు తీస్తున్నాడేమోనని ఇంటావిడ అనుమానంగా వంగి చూసింది.

"వాషరు బాగానే ఉందమ్మా. వెనకాల గొట్టం కీలు దగ్గర కారుతోంది."

"చూడకుండానే చెప్పేస్తున్నారే!"

"చూస్తే మోసపోతామమ్మా. నీళ్ళు కారేది ఒకచోట, కనిపించేది ఇంకోచోట."

నలభై రెండేళ్ళుగా ఆయన చేసింది ఇదే. ఎవరింట్లో నీళ్ళు నోరు విప్పినా వెళ్ళి నొక్కేసి రావడం. ఎడమచేతి బొటనవేలు పానా కింద పడి ఎప్పుడో వంకరపోయింది. మోకాళ్ళ దగ్గర ప్యాంటు రంగు మొదటిది కాదు. చుక్క చప్పుడు విని జబ్బు చెబుతాడని చుక్కలాయన అన్నారు, అదే ఖాయమైపోయింది. పని ముగించి మెట్లు దిగేటప్పుడు రెండుచోట్ల ఆగాడు. ఈమధ్య ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటోంది. కూర్చున్నవాళ్ళు వాళ్ళే లేచిపోతారులే అని ఎవరికీ చెప్పలేదు.

జేబులో ఇత్తడి వాల్వు తొడకి తగిలింది. చెయ్యి దానంతటదే లోపలికి పోయి పిడి తిప్పింది. తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, మూసి పెట్టాడు. పని నేర్పిన మేస్త్రీ తన చివరిరోజుల్లో చేతిలో పెట్టిన వాల్వు అది. పిడి గొట్టానికి సూటిగా ఉంటే నీళ్ళు నడుస్తాయి, అడ్డంగా ఉంటే ఆగుతాయి. మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం అదే. ఐదు వారాలుగా ఆ వాల్వు ఈ జేబులోనే నలుగుతోంది.

దాని కథేమిటంటే, ఆయన భార్యకి రెండేళ్ళ కిందట చూపు మందగించి, పోయినేడు పూర్తిగా పోయింది. కిటికీ పక్క కుర్చీలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుని, "ఇల్లంతా మూగదైపోయిందండీ" అందొకరోజు. బతుకంతా నీళ్ళ నోరు మూయించినవాడికి ఆ మాట గుచ్చుకుంది. అప్పుడు మొదలుపెట్టాడు ఈ చేపల తోట.

పళ్ళరసం కంపెనీ పారేసిన నీలం డ్రమ్ము తెచ్చి ఆవిడ కుర్చీ పక్కనే పెట్టాడు. రంగులూ మందులూ పోసిన డ్రమ్ములు సగం ధరకే వస్తాయన్నా తలకాయ లోపల పెట్టి వాసన చూసి వదిలేశాడు. డ్రమ్ము నిండా చేపల నీళ్ళు, దానిపైన తొట్టిలో కంకర, కంకరలో పుదీనా. ఒక్కో గుప్పెడు కంకర మీద నిమ్మకాయ పిండి, నురగొచ్చిన సున్నపురాళ్ళని ఏరి బయట పడేశాడు. కుళాయి నీళ్ళని మందు వాసన పోయేదాకా రెండురోజులు మూత తీసి నిలవబెట్టాడు. చిన్న మోటారు నీళ్ళని పైకి తోస్తుంది. తొట్టి మెల్లగా నిండి, అంచుదాకా వచ్చాక గళగళమని ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. పావుగంటకోసారి ఆ చప్పుడు. వచ్చినప్పుడల్లా ఆయన "అదిగో, పడింది" అనేవాడు. ఆవిడ నవ్వేది.

అంతా ప్లాస్టిక్కే. ఒక్కచోట మాత్రం పనివాడి పొగరు అడ్డొచ్చింది. ఇత్తడి లేని పనీ ఒక పనేనా అని మేస్త్రీ వాల్వుని గొట్టం మధ్యలో బిగించాడు. తొమ్మిదోరోజుకి పన్నెండు చేపలూ వెల్లకిలా తేలాయి. మేత వేసేది ఆవిడే కాబట్టి, "కళ్ళు లేనిదాన్ని, ఎక్కువ వేసి చంపేశాను" అని చేతులు ముడుచుకుంది. ఆ మర్నాడు చేపలు అమ్మేవాడు అడిగాడు, "నీళ్ళదారిలో ఇత్తడి గానీ రాగి గానీ ఉందా బాబాయ్? చేపలకి విషం." లేదన్నాడు. ఇంటికొచ్చి వాల్వు పీకేసి, కంకరంతా కడిగి, కొత్తనీళ్ళు పోశాడు. ఆవిడకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. నోరు మూయించే విద్య అలా సొంతింట్లో కూడా పనికొచ్చింది.

కంటికి కనిపించని పురుగేదో కంకరకి పట్టి చేపల మురికిని మొక్కలకి తిండిగా మార్చేదాకా నీళ్ళు మాగాలట, పాలు పెరుగైనట్టు. ఐదు వారాలు మాగాయి. పుదీనా చిగుళ్ళేసింది. ఇవాళ చుక్కలాయన చేతిలో నీళ్ళ సంచి, దాంట్లో ఆరు చేపలు. వీధి పొడుగునా ఎండ ఆ సంచిలోంచి పడి ఆయన చొక్కా మీద ఊగుతూ నడిచింది.

సంచిని డ్రమ్ములో తేలేసి, చల్లదనం కలిశాక మూతి విప్పాడు. చేపలు జారుకున్నాయి. మేత డబ్బా భార్య చేతికివ్వబోతే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాకొద్దు. మీరే వేయండి. ఇంకో ఆరు ప్రాణాలు నా మెడకి చుట్టకండి."

ఆయన నేలమీద కూర్చున్నాడు. జేబులోంచి వాల్వు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"చంపింది నువ్వు కాదు. ఇది. పెట్టింది నేను. తెలిసీ చెప్పలేదు."

తొట్టి నిండుతోంది. ఆవిడ వేళ్ళు వాల్వుని తడుముతున్నాయి.

"ఐదు వారాలండీ," అంది చివరికి. "అన్నం ముద్ద కలిపినప్పుడల్లా అవే గుర్తొచ్చాయి నాకు."

"తెలుసు."

"తెలిసీ ఎదురుగా కూర్చుని తిన్నారు."

"తిన్నాను. సిగ్గేసింది."

గళగళమని తొట్టి దిగింది. నీళ్ళన్నీ దిగాక ఆవిడ చెయ్యి చాపింది. "డబ్బా ఇలా ఇవ్వండి. మీ చేతికి కొలత తెలియదు."

రెండు వేళ్ళతో చిటికెడు తీసి చల్లింది. కింద నీళ్ళలో చిన్నచిన్న చప్పుళ్ళు లేచాయి. "తింటున్నాయి!" అంది. మొహం విచ్చుకుంది. ఐదు వారాల బరువు ఆయనమీదనుంచి దిగిపోయింది, ఛాతీ మీద కూర్చున్నవాళ్ళు తప్ప. గోడకి వీపు ఆనించి, ఆవిడ కుర్చీకి తల చేర్చాడు. తొట్టి మళ్ళీ నిండి దిగింది.

"అదిగో, పడింది," అన్నాడు, నిద్రలో అన్నట్టు. ఆవిడ నవ్వింది.

ఎండ కిటికీలోంచి పుదీనా మీదికీ, పుదీనా మీదనుంచి ఆయన మోకాళ్ళ మీదికీ జరిగింది. ఆయనకి తను ఏదో పెద్ద గొట్టంలో తేలిపోతున్నట్టుంది. ఎక్కడా కీలు లేదు, బిగించాల్సింది ఏమీ లేదు. దూరంగా నీళ్ళు నడుస్తున్నాయి. నడవనీ అనుకున్నాడు.

తొట్టి నిండింది. గళగళమని దిగింది. ఆవిడ కాసేపు ఎదురుచూసి, "అదిగో, పడింది" అని తనే అంది. జవాబు రాలేదు. చెయ్యి కిందికి చాపి ఆయన జుట్టు అందుకుంది, నుదురు అందుకుంది, ముక్కు దగ్గర వేళ్ళు ఉంచింది. తొట్టి మరోసారి నిండి దిగేదాకా వేళ్ళు అక్కడే ఉంచింది. తర్వాత ఏడ్చింది.

ఆవిడ ఒళ్ళో ఇత్తడి వాల్వు ఉంది. ఎప్పుడు తిప్పిందో ఆవిడకే తెలియదు, దాని పిడి సూటిగా ఉంది.