కమల కట్టని చీర

మా మగ్గం మీద దిగిన చీరలు ఎవరెవరి పెండ్లిళ్లకో పోయేవి. నా భార్య కమల ఒంటి మీదికి ఒక్కటీ రాలేదు. గద్వాలలో నేసేవాళ్ల ఇళ్లన్నీ అంతే. తొంభై నాలుగులో, మిగిలిన వెండి జరీ పోగేసి తనకని ఒకటి నేశాం. ఉల్లిపొర రంగు. నేను నేస్తుంటే పట్టు అంచు పోగు ఆడించే నాడె తనే పక్కనుంచి అందించింది. జమ్ములమ్మ జాతరకు కడతానని మడిచి పెట్టెలో పెట్టింది.

జాతరకు ముందు హన్మంతు వచ్చాడు. కమల అన్న కొడుకు. తల్లి పోయాక మా ఇంట్లోనే పెరిగి, హైదరాబాదులో బొమ్మల చదువు చదివాడు.

"అత్తా, వనపర్తిల నా ప్రదర్శన ఉంది. నీ చీర ఇయ్యి. నడుమ అదే పెడ్త."

"ఇంకా కట్టనే లేదు గదరా. జర పైలం. జాతరకు కావాలె నాకు."

వాడు నా వైపు తిరిగాడు. "మామా, అసలు వెండి జరీయేనా?"

"మీ అత్తకు నకిలీది నేస్తనా?" అన్నాను. మగ్గం పని తెలిసి అడిగాడనుకున్నాను.

వనపర్తి హాల్లో చీర పైనుంచి వేలాడుతోంది. కింద ఇత్తడి పళ్లెం. "మాదే," అని కమల పక్కావిడకు చెప్పింది. హన్మంతు మైకు పట్టుకుని డబ్బు గురించి, విలువ గురించి, ఏదీ నిలవకపోవడం గురించి మాట్లాడాడు. అత్త పేరు కూడా చెప్పాడు. తర్వాత అగ్గిపుల్ల గీశాడు.

మా వీధిలో పాత జరీ చీరలు కొనేవాళ్లు తిరుగుతారు. కాల్చి వెండి తీస్తారు. వాళ్లు వస్తే కమల గడప దాటనిచ్చేది కాదు. "మా ఇంట్ల పాత జరీ లేదు, పోండి," అనేది. చిన్నప్పుడు హన్మంతు ఆమె కొంగు పట్టుకుని నిలబడేవాడు.

హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. పళ్లెంలో నల్లటి జరీ ముద్ద మిగిలింది. వాడు దాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"చెప్పి కాలిస్తే కాకపోతుండెనారా?"

"చెప్తే ఇస్తుంటివా అత్తా?"

"ఇయ్యకపోతుంటి. నీకు ఎరికనే."

కొత్తకోటలో బస్సు మారి ఇంటికి వచ్చాం.

జాతర పొద్దున ఆమె పాత నూలు చీర కట్టుకుంది. హన్మంతు దుకాణం నుంచి పట్టుచీర తెచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "అత్తా, ఇది కట్టుకో."

కమల గడపకు అడ్డంగా చెయ్యి పెట్టింది.

"మా ఇంట్ల పాత జరీ లేదు. పో."

వాడు నా వైపు చూశాడు. నేను మగ్గం గుంటలోంచి లేవలేదు.