పదో అధ్యాయం నుంచి

నేను గిన్నెలు తోముతుండగా ముందు గదిలోంచి అత్తయ్య కేకేసింది. "ఆ పిల్ల చదివింది పెట్టి వెళ్లమ్మా. నిన్నటి ఆయన వద్దు, ప్రతి మాటకీ గొంతు వణికిస్తాడు. నాకు పోయింది చూపే గానీ బుద్ధి కాదు కదా."

చేతులు తుడుచుకుని వెళ్లి, ప్లేయర్‌లో సీడీ మార్చి మీట నొక్కాను. నవల పేరు, రాసినవారి పేరు చెప్పి ఆ పిల్ల చదవడం మొదలుపెట్టింది. నేను మళ్లీ గిన్నెల దగ్గరికి వచ్చాను.

ఆ పిల్ల నేనే.

జాతీయ గ్రంథాలయంలో కేటలాగు రాయడం నా ఉద్యోగం. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ మా దగ్గరికి రావాలి. వచ్చినదాన్ని కొలిచి, పేజీలు లెక్కపెట్టి, చిరుగు ఉంటే ఆ మాటా రాసి, ఎవరు ఎప్పుడు అడిగినా దొరికేలా నమోదు చేస్తాం. నన్ను కింది అంతస్తులో ధ్వని విభాగంలో వేశారు. చూపులేని పాఠకుల కోసం పుస్తకాలు చదివించి, రికార్డు చేసి దాచే చోటు అది. మొదట్లో డబ్బిచ్చి బయటివాళ్లను పిలిచేవారు. నిధులు తగ్గాక మా విభాగాధికారి, "మీ ఉచ్చారణ బాగుంటుంది కదమ్మా, ఖాళీ దొరికినప్పుడు మీరే చదివేయండి," అన్నారు. నాకు దొరికే ఖాళీ భోజనం వేళే. రికార్డింగులో చప్పుడు పడుతుందని చదివే గదిలో ఫ్యాను ఉండదు. చెమటతో తడిసి బయటికొచ్చి, నేను చదివినదానికి నేనే కేటలాగు రాసేదాన్ని. బయటివాళ్లు చదివితే వాళ్ల పేరు వేయాలి. మాలో ఎవరు చదివినా "సిబ్బంది" అని రాస్తే సరిపోతుంది. ఈ సంగతి మొదట్లో మా ఆయనకు చెబితే, "జీతమేమన్నా పెంచారా? పెంచనప్పుడు గొంతు అరగదీసుకోవడం దేనికి? ఆ ఓపికేదో ఇంట్లో చూపించు," అన్నాడు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. ఆయన మర్చిపోయాడు కూడా.

ఒకే కప్పు కింద ఉంటూ గొంతు పోల్చుకోలేరా అని ఎవరైనా అడగొచ్చు. ఇంట్లో నా గొంతు ఎంతని? వస్తున్నా, అయిపోయింది, ఇదిగో. అదీ వంటగదిలోంచి, కుళాయి చప్పుడు మీదుగా. ఒక వాక్యం మొదలుపెట్టి తీరిగ్గా చివరిదాకా చెప్పడం నాకు ఆ ఫ్యాను లేని గదిలోనే కుదిరింది. నేను చదివిన సీడీని ఆఫీసు నుంచి మొదటిసారి తెచ్చిన రోజే చెప్పేద్దామనుకున్నాను. ఈలోగా అత్తయ్య, "ఎంత నిమ్మళంగా చదువుతోందో, ఏ తల్లి కన్న బిడ్డో," అంది. పెళ్లయ్యాక ఈ ఇంట్లో నా గురించి అంత మంచి మాట నేను వినలేదు. ఇంకొన్నాళ్లు విందామనిపించింది.

మర్నాడు ఆదివారం. మా ఆయన పేపరు చదువుతున్నాడు. ప్లేయర్‌లో ఆ పిల్ల చదువుతుంటే నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. ఉన్నట్టుండి అత్తయ్య చెయ్యెత్తి, "కాస్త ఆపమ్మా," అంది. ఆపాను.

"ఇక్కడినుంచి ఈ పిల్లకి ఏదో అయింది."

"ఏమైంది అత్తయ్యా?"

"గొంతు మారిపోయింది. ఊపిరి చూడు, బరువు మోసేదానిలా తీస్తోంది. ఏదో పెద్ద కష్టమే వచ్చుంటుంది. అలాంటప్పుడు కూడా చదవమని తోలారు చూడు. ఆపడానికి ఇంట్లో మనుషులు లేరా, పాపం?"

అది పదో అధ్యాయం. తొమ్మిదో అధ్యాయం చదివాక, పదోది మొదలుపెట్టకముందు, ఐదో నెలలో నాకు కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఇంకా సరిగా కూర్చోలేకపోతున్నాను. ఆడపడుచు పిల్లలతో వస్తోందని అత్తయ్య వచ్చి లేపింది. "అందరికీ జరిగేదేనమ్మా. పడుకుంటే ఇంకా దిగులు. లేచి నాలుగు పనులు చేసుకుంటే అదే మర్చిపోతావు." మా ఆయన మంచినీళ్లు తాగుతూ, "సెలవు ఇప్పుడే వాడేయకు. అసలు కాన్పుకి పనికొస్తుంది," అన్నాడు. అసలు కాన్పు. అంటే ఇది లెక్కలోది కాదన్నమాట. ఆ తర్వాత అసలూ రాలేదు, నకలూ రాలేదు. ఆ వారమే ఆఫీసుకు వెళ్లి, ఆ గదిలో తలుపు వేసుకుని పుస్తకం తెరిచాను. చదవడం పూర్తయ్యాక కేటలాగులో లోపాలు రాసే గడి మిగిలింది. మొత్తం ఒకసారి విని, "పదో అధ్యాయం నుంచి ధ్వని స్థాయి తక్కువ" అని రాశాను. ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

చేతిలో చొక్కా సగం మడత మీద ఉండగానే అన్నాను, "అది నేనే అత్తయ్యా."

"ఏది?"

"చదివింది నేను. కడుపు పోయాక ఆఫీసుకెళ్లిన రోజులవి."

మా ఆయన పేపరు దించాడు. "నీ గొంతా? ఇంత బాగుందే!" వేళాకోళమేమీ లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. కాసేపటికి పేపరు మళ్లీ పైకి లేచింది.

అత్తయ్య వేళ్లు ప్లేయర్ అంచుల్ని తడుముతున్నాయి. నా వైపు చెయ్యి చాపుతుందేమోనని ఓ అడుగు ముందుకు వేశాను కూడా. ముక్కూ మొహం తెలియని పిల్ల మీద అంతసేపు జాలిపడిన మనిషి, నాకోసం ఒక్క "అయ్యో" అయినా అనదా అనుకున్నాను.

"రేపు ఎవరైనా మగవాళ్లు చదివింది పట్రా," అంది చివరికి. "ఆడగొంతులు నాకు సరిగా వినపడటం లేదు."

సీడీ తీసి సంచిలో పెట్టుకున్నాను. వంట చేశాను, వడ్డించాను. ఏడుపు వస్తుందని చూశాను గానీ రాలేదు. జాలిపడటం ఆమెకు చక్కగా వచ్చు. ఇన్నేళ్లూ పాతకాలం మనిషి, ఆమెకేం తెలుసులే అని సర్దిచెప్పుకున్నాను. ఇక ఆ మాట కూడా నాకు మిగల్లేదు.

పొద్దున్నే మా అక్కకు ఫోన్ చేశాను. "నీ దగ్గర కొన్నాళ్లు పడుకుంటానే," అన్నాను. ఉంటాననలేదు, పడుకుంటానన్నాను. అక్క ఎందుకని అడగలేదు. "వెనక గది ఖాళీ చేయిస్తాను, వచ్చెయ్," అంది.

ఆఫీసుకు వెళ్లి సీడీని దాని అరలో పెట్టేసి, విభాగాధికారి గదికి వెళ్లాను. "నాకు నెల రోజులు సెలవు కావాలండి."

"నెలా? కొత్త పుస్తకం మీతోనే మొదలుపెట్టిద్దామనుకున్నానే. ఏమైందమ్మా?"

"నాకు కడుపు పోయిందండి."

ఆయన కుర్చీలోంచి సగం లేచారు. "అయ్యో. ముందు కూర్చోండమ్మా, ఇలాంటప్పుడు అసలెందుకు వచ్చారు? ఎప్పుడు జరిగింది?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కాళ్లలో ఉన్న అలసటంతా ఒక్కసారిగా తెలిసింది.

"నాలుగేళ్లయిందండి," అన్నాను.