జారు కడిగిన నీళ్ళు

నేను ఒక మిక్సీ జారును. పెద్దదాన్ని కాదు, చట్నీలు రుబ్బే బుల్లి జారును. స్టీలు రేకును అచ్చులో ఒత్తి, అడుగున బ్లేడు బిగించి, దాని కింద రబ్బరు పట్టీ తొడిగి నన్ను లోకం మీదికి వదిలారు. మిక్సీతోపాటు మొదట ఒక పెళ్ళికి కానుకగా వెళ్ళాను. వాళ్ళకు అప్పటికే మిక్సీ ఉందట. అట్టపెట్టె విప్పకుండానే ఇంకొకరి గృహప్రవేశానికి నన్ను చదివించేశారు. మనుషులు అభిమానాన్ని ఇలాగే చేతులు మారుస్తుంటారు. చివరికి ధర్మవరంలో ఓబులమ్మ వంటింట్లో నాకు వెలుగు కనిపించింది.

వేరుశనగను బుడ్డలు అనే ఆ సీమలో అవి లేని వంటిల్లు ఉండదు. ఓబులమ్మ కూర పలచనైతే వేరుశనగ పొడి చల్లుతుంది, మనవరాలు ఏడిస్తే వేరుశనగ ఉండ పెడుతుంది. అలా ఉండ తిన్న ఒకనాడు నాలుగేళ్ళ సాహితికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి పెదవులు ఉబ్బాయి. పిల్లకు వేరుశనగ పడదని, పిసరంత తగిలినా ప్రాణం మీదికి రావచ్చని డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఉంచుకోమని ఒక ఇంజెక్షను కూడా రాసిచ్చాడు.

"బుడ్డలు పండే నేలలో పుట్టి బుడ్డలు పడకపోవడమేందమ్మా!" అని ఓబులమ్మ ముక్కున వేలేసుకుంది. అయినా మొండికేయలేదు. పిల్లకు పుట్నాలతో వేరే చట్నీ, వేరే గిన్నె పెట్టింది. కోడలు సుకన్య పట్టుచీరల కొట్లో పనికి వెళ్తుంది కాబట్టి పగలంతా పిల్ల అవ్వ దగ్గరే ఉండాలి.

ఆ ఆదివారం సుకన్య ఇంట్లోనే ఉంది. ఓబులమ్మ ముందు పుట్నాల చట్నీ రుబ్బి పిల్ల గిన్నెలోకి తీసింది. తర్వాత పెద్దవాళ్ళకు వేరుశనగ చట్నీ. అది తీశాక అలవాటు ప్రకారం నాలో కాసిని నీళ్ళు పోసి గిలకరించింది. జారుకు అంటుకున్నది పారబోయడం ఆమె లెక్కలో పాపం. పిల్ల చట్నీ గట్టిగా ఉందని ఆ నీళ్ళు అందులో పోసి కలిపింది. నా బ్లేడు సందుల్లో ఏముందో నాకు తెలుసు. కానీ నాకు తిరగడమే వచ్చు, మాట్లాడడం రాదు.

సాహితి రెండు ముద్దలు తిని గొంతు పట్టుకుంది. దగ్గు, పిల్లికూతలు, చూస్తుండగానే ముఖం ఉబ్బింది.

"దిష్టి తగిలింటాది, ఉప్పు తీస్తా ఉండు," అంటూ ఓబులమ్మ ఉప్పు డబ్బా కోసం పరుగెత్తింది.

"ఉప్పు కాదత్తా, సూది యాడుంది?" అని అరుస్తూ సుకన్యే వెతికి తెచ్చి పిల్ల తొడలో ఇంజెక్షను పొడిచింది. ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తారు. పిల్ల బతికింది.

ఇంటికొచ్చాక సుకన్య నిలదీసింది. "ఏమేసినావత్తా దాంట్లో?"

"ఏమీ వెయ్యలేదు. గట్టిగుంటే నీళ్ళు పోసినా."

"యా నీళ్ళు?"

ఓబులమ్మ నావైపు చూసింది. "జారు కడిగిన నీళ్ళు," అని నేలమీద కూలబడింది.

ఇంట్లో ఉన్న వేరుశనగలన్నీ వీధి దాటాయి. నన్ను పెరట్లోని పాత సామాన్ల సంచిలో పడేశారు. శిక్ష వెయ్యాలంటే మనుషులకు నోరులేనిదే ముందు దొరుకుతుంది. ఓబులమ్మ వంటింట్లోకి రావడం మానేసింది, పిల్లను ఒళ్ళోకి తీసుకోవడం కూడా మానేసింది. పని మానేస్తానని సుకన్య ఫోనులో ఎవరితోనో చెప్తుంటే విని, అప్పుడు మాత్రం లేచి వచ్చింది.

"నువ్వు పనికి పో. ఇంగోసారి ఇట్లయితే నేను ఉప్పు తిప్పుకుంటా కూచోను. ఆ సూది యెట్ల పొడవల్లనో నేర్పు."

సుకన్య మందు లేని సిరంజి ఒకటి, ఒక వంకాయ తెచ్చి పెరటి అరుగు మీద కూర్చుంది. ఓబులమ్మ పొడవబోతే సూది పక్కకు జారింది.

"గట్టిగ పట్టుకో. పాప ఏడుస్తాది, నువ్వు ఆగగూడదు."

"నాకే ఏడుపొస్తే?"

"ఏడుస్తానే పొడువు," అని సుకన్య అత్త చేతిమీద తన చెయ్యి వేసి నొక్కింది. సూది దిగింది.

అప్పుడే పాత సామాన్లతను వచ్చి నా సంచిని బండిమీదికి ఎత్తాడు. బండి కదులుతుంటే ఓబులమ్మ గొంతు వినిపించింది.

"ఇంగో వంకాయ తేమ్మా. ఈసారి నా చెయ్యి పట్టుకోవద్దు."