ఉత్త చేతులు

తమాలెల గుండిగ మూత తీసేసరికి ఆ ఆవిరికి శాన్ ఆంటోనియోలో సగం ఊరికి ఆకలేసుంటుంది. నెరేయిదాకి మాత్రం ఆకల్లేదు. ఇవాళ తను పనిచేసే ఆసుపత్రి కౌంటర్‌లోనే సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

"ఉత్త చేతుల్తో పోతావా అమ్మాయ్? మన ఇంటా వంటా లేదు," అంది అత్త యులాలియా, పిండిముద్దల్లో కూర కూరి మొక్కజొన్న పొత్తు పొరల్లో చుట్టి ఉడికించిన తమాలెల్ని డబ్బాలో సర్దుతూ. "తిన్న నోటితో కాదనలేరు."

కాదనలేరా! పోయినసారి ముగ్గురాఫీసర్లూ వేళ్ళు నాక్కుంటూ మరీ కాదన్నారు. పని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, మిరపకాయలు ఏ కొట్లో కొంటావని అడిగారు. ఉద్యోగం టైలర్ అనే కుర్రాడికిచ్చారు. అతనికి పని నేర్పింది నెరేయిదానే. ప్రింటరెక్కడుందో అతనికి చివరిదాకా తెలీలేదు, అయినా ప్రమోషన్ మీద పై అంతస్తుకెళ్ళిపోయాడు. ఆ కుర్చీయే మళ్ళీ ఖాళీ. నెరేయిదాకి దక్కింది క్రిస్మస్ విందు బాధ్యత, జీవితాంతం. స్పానిష్ తప్ప రాని రోగి ఏ మూల మూలిగినా ఆవిణ్ణే పిలుస్తారు. ఎవరి కిడ్నీ, ఎవరి గర్భం, అన్నీ ఆవిడ నోటమ్మటే ఇంగ్లీషులోకి పోవాలి. దానికి జీతం లేదు, "నువ్వు బంగారం" అనే మాట ఉంది. బ్యాంకులో ఆ బంగారం తీసుకోరు. ఇంట్లో మొగుడు రొహేలియో, "నువ్వు బాసయితే చిక్కుడుగింజలు ఎవరు ఉడకేస్తారే?" అన్నాడు, నవ్వుతూనే. అతను నవ్వుతూ అన్న మాటలు పేరిస్తే సరిహద్దు గోడ పైసా ఖర్చు లేకుండా లేచిపోయేది.

ఆసుపత్రి ముందు కారాపింది. పక్క సీట్లో డబ్బా సీటుబెల్టు పెట్టుకుని పెద్దమనిషిలా కూర్చునుంది. అది లేకుండా లోపలికెళ్ళడమంటే బట్టల్లేకుండా వెళ్ళినట్టే. చెయ్యి దానిమీదకి పోయింది, వెనక్కొచ్చింది, మళ్ళీ పోయింది. చివరికి డబ్బాని అలాగే వదిలేసి, వెనక ఎవరో తరుముతున్నట్టు నడిచింది.

లోపల పెద్దాఫీసరు హాస్కెల్ ఆవిడ మొహం కాదు, చేతులు చూశాడు.

"డబ్బా ఏదీ? పొద్దున్నుంచీ పస్తున్నానమ్మా!"

అందరూ నవ్వారు. 'అయ్యో సారీ, రేపు తెస్తా' అన్న మాట పళ్ళదాకా వచ్చేసింది. మింగింది. ఏం చెయ్యాలో తెలీని చేతుల్ని బల్ల మీద పెట్టి నొక్కింది.

"ఇవాళ తేలేదండీ. మన కౌంటర్ దగ్గర రోగులు అంతంతసేపు ఎందుకు పడిగాపులు పడుతున్నారో, నేనైతే ఏం చేస్తానో చెప్తాను. పోయినసారే చెప్పేదాన్ని. మీ నోళ్ళు ఖాళీగా లేవు."

హాస్కెల్ రాసుకోడానికి జేబులో పెన్ను వెతుక్కున్నాడు.

ఉద్యోగం సంగతి వారంలో చెప్తారట. కారెక్కేసరికి ఫోన్ మోగింది.

"తిన్నారా అమ్మాయ్?"

"లేదత్తా," అంది నెరేయిదా, డబ్బా మూత తీసి ఓ తమాలె చేతిలోకి తీసుకుంటూ. "విన్నారు."