బోణీ చెయ్యి

“కళ్ళు చూపించుకోవడానికి శనివారమే దొరికిందా నీకు?”

పూర్ణచంద్ర ఆ మాట అనడం పొద్దుటి నుంచి ఇది మూడోసారి. మొదట పళ్ళు తోముకుంటూ అన్నాడు. తర్వాత ఇడ్లీలోకి ఇంకాస్త కారప్పొడి వేయించుకుంటూ అన్నాడు. ఇప్పుడు రేపల్లె వెళ్ళడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ అంటున్నాడు. వంటింట్లో పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్న మాధవీలత మొదటి రెండుసార్లూ సర్దిచెప్పింది. ఈసారి తలెత్తకుండా ఇంకో కాయ అందుకుంది.

“సంచులనిండా పట్టుచీరలు పట్టుకుని పొద్దున్నే దిగారు పెళ్ళివాళ్ళు. చేతిలోకొచ్చిన బేరం.”

“మీరే ఇచ్చి పంపిస్తే పోయేదిగా” అంది చివరికి.

“నేనిస్తే అది బోణీ ఎట్టా అవుద్దే? తెలిసే మాట్లాడతావా?”

హాల్లో కూర్చున్న మామగారు బసవలింగం పేపరు మడిచారు. “పోనీలేరా. ఆ అమ్మాయికి తెలియదా దాని చెయ్యి సంగతి? ఏదో ఆలస్యమైంది. ఇంకోసారి అట్టా జరగదులే.”

ఆమె తరఫున ఆ హామీ ఆయనే ఇచ్చేశారు. ఆదివారం కొట్టుకి సెలవు కావడంతో, చెప్పులేసుకుని తండ్రీకొడుకులిద్దరూ రేపల్లె బయల్దేరారు. అక్కడ బస్టాండు దగ్గర ఒక కొట్టు అద్దెకు ఉందని ఎవరో చెప్పారు.

తెనాలి బోసు రోడ్డులో వాళ్ళది మ్యాచింగ్ సెంటర్. చీర తెచ్చి చూపిస్తే, దానికి సరిపోయే రంగులో జాకెట్టు ముక్క, ఫాలు, లంగా తీసిచ్చే కొట్టు. పొద్దున కొట్టు తెరిచాక మొదటి ముక్క మాధవీలత చేతుల మీదుగా తెగాలి. మొదటి డబ్బు ఆమె అందుకుని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వెయ్యాలి. ఆ తర్వాతే మిగతా వ్యాపారం. “మా కోడలిది మంచి చెయ్యి” అని బసవలింగంగారు చీరాల చుట్టాలందరికీ చెప్పుకునేవారు. శనివారం నాడు ఆమె పొద్దున్నే విజయవాడ వెళ్ళి, అనుకున్న టైముకి తిరిగి రాలేకపోయింది. రేపల్లె నుంచి వచ్చిన ఆ పెళ్ళివాళ్ళని పూర్ణచంద్ర ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. కూల్‌డ్రింకులు తెప్పించాడు. పది నిమిషాల్లో మా ఆవిడ వస్తుంది, ఆవిడ చేతి మీదుగా ఇప్పిస్తానన్నాడు. అలా మూడు నాలుగు పది నిమిషాలయ్యాక, వాళ్ళలో పెద్దావిడ లేచి, “మీ ఆవిడొచ్చేదాకా మా పిల్ల పెళ్ళి ఆపమంటావా ఏంటయ్యా?” అని, సంచులు ఎత్తుకుని ఎదురుకొట్టుకి వెళ్ళిపోయింది.

ఆ మాట తలుచుకుంటే మాధవీలతకి నవ్వొచ్చింది.

మంచి చెయ్యి ఉన్న మనిషికి మంచి ఏమొచ్చిందో ఆమె ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి సరదాగానే, “నాకు జీతమిస్తారా?” అనడిగితే పూర్ణచంద్ర పడీపడీ నవ్వాడు. “మన కొట్లో మనకి జీతమేంటే, గల్లాపెట్టంతా నీదేగా” అన్నాడు. గల్లాపెట్టె తాళం మాత్రం ఆయన మొలతాడుకే ఉండేది. పుట్టిల్లు బాపట్ల. ఎంతో దూరం కాదు. అయినా అక్కడ నిద్రచేసిన రాత్రులు తక్కువ, పొద్దున్నే బోణీ ఉంటుందని. నాన్నకి పక్షవాతం వచ్చిందని కబురొచ్చిన రోజున కూడా, “కొట్టు దారిలోనేగా అమ్మా, ఒక్క ముక్క చింపేసి వెళ్ళు” అన్నారు మామగారు, ఎంతో మెత్తగా. చింపింది. ఆ రోజు తెగిన గుడ్డ రామచిలుక ఆకుపచ్చ. ఆ రంగు చీర ఇప్పటికీ ఆమె కట్టుకోదు. కానీ వాళ్ళ మీద కోపం రాలేదప్పుడు. తన చెయ్యి మంచిదని ఆమె కూడా నమ్మింది. ఇంట్లో వంట ఎవరైనా చేస్తారు, గిన్నెలు ఎవరైనా కడుగుతారు, ఇదొక్కటీ తను తప్ప ఇంకెవరూ చెయ్యలేనిదని లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

విజయవాడ వెళ్ళింది కళ్ళు చూపించుకోవడానికే, అబద్ధం కాదు. కళ్ళతో పాటు గుండె, చెవులు, రక్తం కూడా చూపించుకుంది. ఆ డాక్టరు పైలట్లు కాబోయేవాళ్ళకి పరీక్షలు చేసే డాక్టరు. చుట్టూ కూర్చున్న వాళ్ళంతా కూతురు సాయిసుధ వయసు పిల్లలు. ఒకమ్మాయి, “మీ బాబు లోపలికి వెళ్ళాడా ఆంటీ?” అని అడిగింది. చుక్కల మధ్య దాగిన అంకెలున్న పుస్తకం డాక్టరు తిప్పుతుంటే, ఆమె తడుముకోకుండా చదివేసింది. “ఏం చేస్తుంటారమ్మా మీరు?” అన్నాడాయన. “ఇంట్లోనే ఉంటానండి” అంది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా కొట్లో నిలబడే మనిషి నోటి నుంచి ఆ జవాబు ఎంత తేలిగ్గా వచ్చిందో, బయటికొచ్చి ఆటో ఎక్కాక గానీ ఆమెకి తట్టలేదు. పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి రక్తం తియ్యాలన్నారు. అందుకే ఆలస్యమైంది.

ఈ ఆలోచన మొదలై మూడేళ్ళయింది. జాకెట్టు గుడ్డల కంపెనీ వాళ్ళు, బాగా అమ్మిన కొట్ల వాళ్ళని భార్యలతో సహా ఢిల్లీ తీసుకెళ్ళారు. మాధవీలతకి అదే మొదటి విమానం. గన్నవరంలో ఎక్కి కూర్చున్నాక మైకులో ఆడగొంతు, తాను పైలట్‌నని పేరు చెప్పింది. “ఆడమనిషంట నడిపేది. బెల్టులు గట్టిగా బిగించుకోండెహె” అన్నాడు పూర్ణచంద్ర. ముందు వరసా వెనక వరసా కలిసి నవ్వాయి. అలవాటు కొద్దీ మాధవీలత కూడా నవ్వింది. దిగేటప్పుడు ఆ పైలట్ తలుపు దగ్గర నిలబడి ఉంది. చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు, వెనక మామూలు క్లిప్పు. తెలుగు వినగానే ఆవిడే పలకరించింది, తనది వైజాగ్ అంది. “ఎప్పటినుంచి నడుపుతున్నారండి?” అనడిగితే, “ఎనిమిదేళ్ళ నుంచండి. అంతకుముందు బ్యాంకులో చేసేదాన్ని. నలభై దగ్గరపడ్డాక నేర్చుకున్నా” అంది, ఆలస్యంగా కుట్టుపని నేర్చుకున్నానని చెప్పినంత మామూలుగా. ఇంకేదో అడిగేలోపు, “ఏంటా ముచ్చట్లు? అవతల సామాన్లొచ్చేస్తయి” అని భర్త భుజం తట్టాడు.

ఇంటర్లో ఎంపీసీ, బాపట్లలో బీఎస్సీ చదివి, ఆ చదువంతా గులాబీ రంగుల్లో తేడాలు పట్టడానికి వాడిన మనిషికి, మధ్యాహ్నం బేరాలు లేని వేళ కౌంటరు కింద ఫోను పెట్టుకుని గాలి గురించీ మబ్బుల గురించీ చదువుకోవడంలో ఎంత సుఖముందో చెబితే ఎవరికర్థమవుతుంది? సీరియల్ చూస్తోందనుకున్నారు. అనుకోనిచ్చింది. కూతురు సాయిసుధ బాపట్లలో అమ్మమ్మ ఇంట ఉండి అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతోంది. కిందటేడు ఇద్దరూ సూర్యలంక బీచికి వెళ్ళినప్పుడు, గుంటూరు నుంచి వచ్చిన జనం నీళ్ళలో కేరింతలు కొడుతుంటే, తడి ఇసుకలో కూర్చుని మాధవీలత విమానం నడపాలనుందన్న మాట మొదటిసారి పైకంది. సాయిసుధ చేతిలో మొక్కజొన్న పొత్తు అలాగే ఉండిపోయింది.

“అమ్మా, నువ్వు స్కూటీకి స్టాండే వెయ్యలేవు.”

“విమానానికి స్టాండుండదుగా.”

సాయిసుధ నవ్వింది. తల్లి మొహం చూసి ఆపేసింది. “నిజంగానేనా?” అంది. ఆ పూట నుంచే పైలట్ లైసెన్సుకి ఏ పేపర్లు రాయాలి, ఏ స్కూల్లో చేరాలి అన్న వెతుకులాట ఇద్దరిదీ అయింది. మాధవీలత మొదటి రెండు పేపర్లూ పాసైంది కూడా. ఇంట్లో చెప్పడమొక్కటే మిగిలిపోయింది. రోజూ చెప్పాలనుకునేది. రోజూ బోణీ అయ్యాక మామగారు, “నువ్వు లేకపోతే ఈ కొట్టే లేదమ్మా” అనేవారు. ఆ పూటకి, రేపు చెబుదాంలే అనుకునేది.

“వాడి మాటలు పట్టించుకోమాక” అంటూ అత్తగారు కోటిరత్నం మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంటింట్లోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసిని చిక్కుళ్ళు తన ఒళ్ళోకి తీసుకుంది. “మగ్గాలున్నప్పుడు చీరాలలో మా అత్తది కూడా మంచి చెయ్యేనే. కొత్త పడుగెక్కిస్తే మొదటి పోగు ఆమె నేయాల్సిందే. కాన్పై నెల తిరక్కముందే లేపి కూర్చోబెట్టేవాళ్ళంట. తర్వాత చూపు మందగించింది. ఇంక ఆ మాటే ఎత్తలా ఎవరూ.”

“మీదీ మంచి చెయ్యేనని మావయ్యగారు అంటుంటారు.”

“అనేవాడు. ఈ కొట్టు పెట్టిన కాడి నుంచి నా చేత్తో బోణీ అయితేగానీ మంచినీళ్ళు ముట్టేవాడు కాదు.”

“మరి మీరెందుకు మానేశారత్తయ్యా?”

“నేనేం మానలేదే. మోకాళ్ళు పట్టేసినయ్యి, కొట్టు మెట్లెక్కలేకపోయా. అప్పుడే నువ్వు కాపరానికొచ్చావు. ఆ వారంలోనే నీ చెయ్యి మంచిదని తేలింది.”

కోటిరత్నం నవ్వలేదు. నిష్ఠూరంగానూ అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి, ముదురుకాయ ఒకటి పక్కన పడేసింది.

మాధవీలత చేతిలో పని ఆగిపోయింది. ఇన్నేళ్ళూ తనలో ఉందనుకున్న ఒకే ఒక్క ప్రత్యేకత తనలో లేనే లేదు. కొట్లో ఒక చోటు ఖాళీ అయింది, అక్కడ నిలబడేందుకు మోకాళ్ళు బాగున్న ఆడమనిషి కావాల్సొచ్చింది. కూలికి తెచ్చుకుంటే కూలివ్వాలి. నీ చెయ్యి మంచిదంటే చాలు, ఆ మనిషి నాన్నకి పక్షవాతమొచ్చిన రోజున కూడా వచ్చి నిలబడుతుంది. ఇందులో మోసం చేద్దామని ఎవరూ అనుకోలేదు. మామగారు నిజంగానే నమ్మారు, నమ్మడం వాళ్ళకి కలిసొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, మొన్న వేసవి సెలవుల్లో సాయిసుధ సరదాకి ఒక ముక్క చింపి ఇస్తే, ఆ రోజు బేరాలు బాగా సాగాయి. సాయంత్రం గల్లా చూసుకుంటూ బసవలింగంగారు మనవరాలి తల నిమిరారు. “ఈ పిల్ల చెయ్యి కూడా బాగుండేట్టుందే” అన్నారు.

ఆ రోజు అందరితో పాటు తనూ మురిసిపోయింది. ఇప్పుడు, తన తర్వాత ఆ చోటు దానికేనని అర్థమైంది.

గురువారం విజయవాడ డాక్టరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా, తర్వాతి పెద్ద వైద్య పరీక్షకి వెళ్ళొచ్చు అన్నారు. మాధవీలత ఆ పూట మహారాష్ట్రలోని ఫ్లయింగ్ స్కూలుకి తనే ఫోన్ చేసి, శ్రావణంలో మొదలయ్యే బ్యాచిలో చేరతానని చెప్పింది. చదువు పూర్తయినా ఈ వయసులో ఉద్యోగం దొరక్కపోవచ్చని వాళ్ళు దాచకుండా చెప్పారు. అయినా తన మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

మళ్ళీ ఆదివారం మధ్యాహ్నం భోజనాలకి అందరూ ఉన్నారు. సాయిసుధ బాపట్ల నుంచి వచ్చింది. పూర్ణచంద్ర మంచి హుషారుగా ఉన్నాడు. రేపల్లె కొట్టు నచ్చింది, శ్రావణానికి తెరవాలి.

“పెట్టుబడికి చూసుకోనక్కర్లేదు నాన్నా. కొల్లిపర పొలానికి నేను చూసిన బేరమే ఖాయమైంది. ఇక మనుషులంటావా, ఇక్కడ నేను, అక్కడ మాధవి. పొద్దున ఇక్కడ బోణీ చేసి రేపల్లె ప్యాసింజరెక్కిందంటే, గంటలో అక్కడా బోణీ చేసుద్ది. సాయంత్రం రైలుకి వచ్చి వంట చూసుకుంటది.”

“నాకు అక్కడో వంటగది కూడా కట్టించలేదా?” అంది మాధవీలత, ఆయనకి మజ్జిగ పోస్తూ. అందరూ నవ్వారు. ఆమె గిన్నె కింద పెట్టి, తనకో కంచం తెచ్చుకుని వాళ్ళ మధ్యలో కూర్చుంది. మగవాళ్ళ భోజనం పూర్తికాకుండా ఆమె కూర్చోవడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

“నేను రేపల్లె వెళ్ళనండి. ఇక్కడి కొట్టుకి కూడా శ్రావణం నుంచి రాను.”

“ఏం, కళ్ళు బాగాలేవన్నారా?” అన్నారు బసవలింగంగారు కంగారుగా.

“బాగున్నాయి మావయ్యగారూ. ఆ పరీక్ష కళ్ళజోడు కోసం చేయించుకున్నది కాదు. విమానం నడపడం నేర్చుకోవడానికి. చేరుతున్నాను, మాట్లాడేసుకున్నాను. ఆ పొలం అమ్మ నాకిచ్చింది. అది అమ్మిన డబ్బులోంచే స్కూలుకి కడతాను.”

పూర్ణచంద్ర పెద్దగా నవ్వి, కలిసి నవ్వమన్నట్టు కూతురి వైపు చూశాడు. సాయిసుధ నవ్వలేదు. “నాకు తెలుసు నాన్నా” అంది. ఆయన మొహం మారిపోయింది.

“మతుండే మాట్లాడుతున్నావా? శ్రావణమంటే సీజను. కొట్లో ఎవరుంటారే?”

“మనిషిని పెట్టుకోవాలండి. జీతమిచ్చి.”

“బోణీ?”

“ఎవరు చేసినా అవుద్ది. అత్తయ్య మోకాళ్ళు పట్టేసినప్పుడు ఆగలేదుగా.”

కోటిరత్నం తలెత్తి కోడలిని చూసింది. ఆ తర్వాత చాలా ప్రశ్నలొచ్చాయి. పొద్దున్నే కాఫీ ఎవరు పెడతారు, మామగారి బీపీ మాత్రలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు, చీరాలలో నలుగురికీ ఏమని చెప్పాలి, నలభై మూడేళ్ళ మనిషి పిల్లల మధ్య కూర్చుంటే నవ్వరా. ఒక్కోదానికీ ఆమె ఉన్నంతలో జవాబు చెప్పింది. తెలియని వాటికి తెలియదంది. పూర్ణచంద్ర సగం తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. ఇదివరకైతే ఆమె కూడా లేచిపోయేది. ఇప్పుడు లేవలేదు.

“భయమెయ్యదటే నీకు?” అంది కోటిరత్నం. అంతసేపట్లో మాధవీలత గురించి వచ్చిన ప్రశ్న అదొక్కటే.

“వేస్తుందత్తయ్యా.”

“అంత పైన ఒక్కదానివే ఉండాలా?”

“మొదట్లో పక్కన నేర్పేవాళ్ళుంటారు. తర్వాత కొన్నిసార్లు ఒక్కదాన్నే.”

కోటిరత్నం పెరుగు గిన్నె కోడలి వైపు జరిపి, “ముందు తిను” అంది.

బసవలింగంగారు కంచం పక్కకి జరిపారు. “ఎన్నాళ్ళమ్మా ఇదంతా?” అన్నారు చివరికి.

“ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టొచ్చు మావయ్యగారూ. తర్వాత ఉద్యోగం చూసుకోవాలి. ఎక్కడొస్తే అక్కడ.”

“సరే, అదంతా అయ్యాక ఇంటికొస్తావుగా?”

“వస్తానండి” అంది మాధవీలత, పెరుగన్నం కలుపుకుంటూ. “సెలవులకి.”