ఒంటిగంటకి కదిలే ఓడ

పొద్దున పదిన్నరకే రాజుల లోయలో రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. పెళ్ళయ్యాక గైడుగా నేను తిప్పుతున్న మూడో బృందం ఇది. పాదాలు బూట్లలో ఉబ్బిపోయాయి. ఎండకి వేళ్ళు కూడా ఉబ్బి కొత్త ఉంగరం కదలడం లేదు. అయినా దాన్ని చూసుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది. పెళ్ళయి పంతొమ్మిది రోజులు. అందులో షాజ్లీ, నేనూ కలిసి ఉన్నవి ఆరు.

షాజ్లీ వేరే ఓడలో రిసెప్షన్ చూస్తాడు. లక్సర్ రేవులో చోటు చాలక ఓడల్ని ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తారు. బయటి ఓడ వాళ్ళు ఒడ్డెక్కాలంటే లోపలి ఓడ హాల్లోంచి నడవాల్సిందే. రెండేళ్ళపాటు నా అతిథుల్ని వాళ్ళ హాల్లోంచి నడిపించాను. ఆ కౌంటరు దగ్గరికి వచ్చేసరికి నా నడక దానంతట అదే నెమ్మదించేది. మా పెళ్ళి అలా కుదిరింది. ఇప్పుడేమో మా ఓడ అస్వాన్ వెళ్తుంటే వాళ్ళది తిరిగి వస్తూ ఉంటుంది.

ఈ పొద్దున వాళ్ళ ఓడ మా ఓడ పక్కకే చేరిందట. అప్పటికే నేను బస్సులో ఉన్నాను.

"రిహాబ్, ఒంటిగంటకి కదులుతాం. పన్నెండున్నరకల్లా వచ్చెయ్. వంటాయన మనిద్దరి కోసం పావురంలో బియ్యం కూరి వేయిస్తున్నాడు. కొత్త దంపతులకి బలం కావాలిట," అన్నాడు ఫోన్లో.

"ఆయనకి సిగ్గు లేదు," అన్నాను. పక్కనున్న అతిథులకి అరబిక్ రాకపోవడం ఎంత హాయి!

సమాధుల్లోపల గైడ్లు మాట్లాడకూడదు. అందుకే బయట పందిరి కింద బొమ్మల అట్ట పట్టుకుని చెప్పాల్సిందంతా చెప్పేసి లోపలికి పంపుతాను. వాళ్ళు చల్లటి గోడల మధ్య తిరుగుతుంటే నేను బయట కూర్చుంటాను. ఐదు నక్షత్రాల ప్రయాణం కదా, బస్సులో తడి తువ్వాళ్ళు మంచులో పెట్టి ఉంచుతారు. ఒకటి దొంగిలించి మెడకి చుట్టుకున్నాను. ఆ చల్లదనానికి కళ్ళు మూతలు పడ్డాయి.

పదకొండున్నరకి పద్నాలుగు మందీ బస్సు దగ్గరికి రావాలి. అసలు బయలుదేరేది పదకొండు ముప్పావుకి. నైలు మీద పనిచేసే ఎవరూ అతిథులకి నిజమైన సమయం చెప్పరు. చెబితే ఏ ఓడా ఏ రోజూ కదలదు.

అందరూ ఎక్కాక హల్వోర్సెన్ గారు నా దగ్గరికి వచ్చారు. నార్వే ఆవిడ. డెబ్బై తొమ్మిదేళ్ళు, రెండు కర్రలతో నడుస్తారు.

"ఆరో రామ్‌సేస్ సమాధి పైకప్పు చూడాలని ఉంది. పొద్దున మోకాళ్ళు వద్దన్నాయి. ఇప్పుడు సరేనంటున్నాయి. టైం అయిపోయింది కదూ?"

అయిపోయిందంటే చాలు. ఆవిడ మారు మాట్లాడకుండా బస్సెక్కేస్తారు. రేపు పొద్దున్నే మా ఓడ అస్వాన్ దారి పడుతుంది. ఆవిడ ఈ లోయకి మళ్ళీ రారని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు లెక్క వేసుకున్నాను. షాజ్లీ రిసెప్షన్ మనిషి. అబద్ధపు సమయాలు చెప్పడంలో నాకంటే ఆరితేరినవాడు. ఒంటిగంట అన్నాడంటే ఒంటిగంటన్నరే అయి ఉంటుంది.

"టైం ఉంది, వెళ్ళి రండి," అన్నాను.

డ్రైవర్ హగ్గాగీ బాబాయ్ స్టీరింగ్ మీద గడ్డం ఆనించి చూశాడు. "ఏమ్మా పెళ్ళికూతురా, మొగుడు అప్పుడే మొహం మొత్తాడా?"

"నీకు మీ ఆవిడ మొత్తినట్టా బాబాయ్?"

"నాకు నలభై ఏళ్ళు పట్టింది. నువ్వు మూడు వారాల్లో కానిచ్చావు."

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. బస్సులో గొణుగుడు మొదలైంది. పన్నెండుంపావుకి ఆవిడ బయటికి వచ్చారు. జుట్టంతా దుమ్ము. వెనకే సమాధి కాపలాదారు అట్టపెట్టె ముక్క చంకలో పెట్టుకుని వచ్చాడు.

"మెడ పైకెత్తలేకపోయింది తల్లీ. ఈ అట్ట పరిచి నేల మీద పడుకోబెట్టాను. పైకప్పు మీది ఆకాశదేవత బొమ్మని చూస్తూ అలాగే ఉండిపోయింది. లేపడానికి మనసొప్పలేదు," అన్నాడు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిచారు, అంతే.

నైలు వంతెన మీద ఉండగా ఫోను మోగింది.

"ఎక్కడున్నావు? పావురం చల్లారిపోయింది. రెండు ఓడల మధ్య వేసిన పలక తీసేస్తున్నారు."

"ఇప్పుడే ఏంటి? ఒంటిగంటన్నరకి కదా కదిలేది?"

"ఒంటిగంటకి అని చెప్పాను కదా."

"అరగంట ముందుకి జరిపి చెప్పావనుకున్నాను."



"అది అతిథులకి, రిహాబ్. నీకెందుకు చెబుతాను?"

 అంత అలసటలోనూ ఆ మాట తియ్యగా తగిలింది. దానితోపాటే ఏడుపూ వచ్చింది.

ఒంటిగంటా పదికి రేవు చేరాం. మా ఓడ హాల్లోంచి పరిగెత్తి అవతలి తలుపు దగ్గరికి వెళ్ళాను. పొద్దున ఆ తలుపుకి ఎదురుగా వాళ్ళ తలుపు ఉండి ఉంటుంది. ఇప్పుడు మధ్యలో నాలుగు బారల నీళ్ళు. షాజ్లీ కోటు వేసుకుని అటువైపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెనక వాళ్ళ కుర్రకారు ఈలలు వేస్తున్నారు.

"దూకు వదినా, పట్టుకుంటాం," అన్నారెవరో.

"ఎండకి నల్లబడ్డావు," అన్నాడు షాజ్లీ.

"నువ్వు లావయ్యావు."

"ఎందుకు ఆలస్యం?"

"ఒక ముసలావిడ సమాధిలో పడుకుంది."

"బతికే ఉందా?"

"నిక్షేపంగా ఉంది."

తలుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత ఏదో అన్నాడు. ఇంజను మోతలో వినపడలేదు. వినపడినట్టు తల ఊపాను. ఆరు బారలు, పది బారలు. వాళ్ళ ఓడ ముందుభాగం మెల్లగా తిరిగింది. గుమ్మం నాకు కనపడకుండా పోయింది.

అక్కడే గడప మీద చతికిలబడి బూట్లు విప్పాను.

"ఆ తలుపు మూసెయ్యాలి మేడం, ఏసీ పోతుంది," అన్నాడు హాల్లో పనిచేసే ఆయన.

"మూద్దువుగానిలే. ఒక్క నిమిషం ఆగు," అన్నాను.