సదానందం గురించిన ప్రశ్న

మహిత చిక్కుడుకాయలకు పీచు తీస్తుంటే ఉమాకాంత్ వంటింటి గడపలో నిలబడి, "సదానందం ముచ్చట నువ్వే అడగాలె. ఆడమనిషి అడిగితే జడ్జికి గుచ్చుకోదు" అన్నాడు.

ఏళ్లుగా ఇదే పద్ధతి. మొగుడి ఆఫీసులో మహిత జూనియర్. అంటే జీతం లేని వకీలు. ఇంట్లోనూ అంతేననుకోండి. వాదనలు ఆయనవి, సాక్షి ఆడదైతే పాడు ప్రశ్నలు ఈమెవి.

కాశిబుగ్గలో మరమగ్గాలున్న వెంకటరాజం వాళ్ల క్లయింటు. వదిలేసిన భార్య యాకమ్మ మనోవర్తి అడిగింది. ఆమె ఇంట్లో మగ్గానికి నూలు తెచ్చి వేసే సదానందంతో ఆమెకు సంబంధం ఉందని అంటగడితే కేసు వీగిపోతుందని ఉమాకాంత్ ఎత్తు. "రుజువెందుకు? కాదంటది, రాసుకుంటరు. మచ్చయితే మిగుల్తది గదా."

బోనులో యాకమ్మ, మహితను చూసి కాస్త కుదుటపడింది. ఆడ వకీలే కదా అనుకుందేమో. ఆ చూపే మహితకు మింగుడుపడలేదు.

"సదానందం మీ ఇంటికి వస్తాడా?"

"వస్తడమ్మా. నూలు ఏసి పోతడు."

"మీ ఆయన వెళ్లిపోయాక కూడానా?"

"మొగడు లేడని మగ్గం ఆగుతదా? నూలు ఒడిస్తే ఎట్ల మరి?"

ఎవరో నవ్వారు. జడ్జి రాజేశ్వర్ రావు నవ్వలేదు. దురుసు మనిషి, మొన్న వాయిదా అడిగిందని మహితను అందరి ముందూ దులిపేశాడు. ఇవాళ కలం కింద పెట్టి, కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుని, యాకమ్మకు మంచినీళ్లు ఇప్పించాడు.

"అమ్మా, మీరు అడగబోయేదేమిటో తెలుస్తూనే ఉంది" అన్నాడు మహితతో, నెమ్మదిగా. "ఆధారముందా? ఉంటే అడగండి, నేనాపను."

వెనక నుంచి ఉమాకాంత్ కానీయమని చేయి ఊపుతున్నాడు. అడగకపోతే నమ్మి వచ్చిన క్లయింటుకు ద్రోహం కాదా? అడిగితే మాత్రం, కాదన్న యాకమ్మ మాట ఎవరు నమ్ముతారు? రెంటికీ చెడ్డ రేవడినయ్యానే అనుకుంటుంటే, ఎందుకో పరకాల గుర్తొచ్చింది. అక్కడి కోర్టు పని చూసుకుని ఇంటికొచ్చేసరికి పొద్దుపోతే ఉమాకాంత్ "ఎవలు దింపిపోయిండ్రు?" అనేవాడు. "ఊకెనే అడిగిన, గంత ఫికరెందుకు?" అని పైనుంచి నవ్వేవాడు. ఆమె బస్సు టికెట్టు తీసి చూపించేది. వకీలై ఉండి! అడిగిన ప్రతిసారీ చూపించేది. తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లు మండింది.

"లేదు సార్. నా ప్రశ్నలు అయిపోయాయి."

బయటికొచ్చాక, "క్లయింటు ముందట నా ఇజ్జత్ తీసినవ్" అని ఉమాకాంత్ ఒక్కడే కారెక్కి వెళ్లిపోయాడు. తాను చేసింది న్యాయమో, పిరికితనమో, మొగుడి మీద కక్షో మహితకు తేలలేదు. వెంకటరాజం మొహం చూడలేకపోయింది. చిత్రమేమిటంటే యాకమ్మ మొహమూ చూడలేకపోయింది. రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కింది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. ఉమాకాంత్ తలుపు తీస్తూనే, "ఎవలు దింపిపోయిండ్రు?" అన్నాడు.

అలవాటుగా చేయి సంచిలోకి పోయింది. టికెట్టు వేళ్లకు తగిలింది. మహిత దాన్నక్కడే వదిలేసి చేయి బయటికి తీసింది.

"ఆధారముందా?" అని, జడ్జి అడిగినంత నెమ్మదిగా అడిగింది.